ఇరుకిల్లు

రేడియో మన యిండ్లలోనికి వచ్చిన తొలి దినములలో దాని నెక్కడ ఉంచవలెనను ప్రశ్న ప్రతి గృహస్థునకును ఎదురైనది. బల్లమీద నుంచిన పిల్లలు మీటలు త్రిప్పి పాడుచేయుదురు. కిటికీలో నుంచిన జల్లు కొట్టును. నేలమీద నుంచుటకు మనసొప్పదు. తుదకు పెక్కుమంది గోడకు మేకులు దిగగొట్టి, మనిషి తలయెత్తున నొక చెక్కపలకను బిగించి, దానిమీద కుట్టుపని చేసిన గుడ్డను పరచి అక్కడ దానిని ప్రతిష్ఠించిరి. వారు తాము క్రొత్తపని చేసితిమనుకొనిరి గాని, నిజమునకు వారు తమ ముత్తవ్వ చేసిన పనినే చేసిరి. ఆమె పెరుగుకుండను పిల్లికిని పిల్లలకును అందకుండ ఉట్టిమీద పెట్టినది. వీరు రేడియోను ఉట్టి కెక్కించిరి. నేల చాలనప్పుడు గాలిలో చోటు వెదకికొనుట మన యిండ్లకు తరతరముల విద్య.

ఆ విద్య యొక్క చరిత్రను కొంత చెప్పుకొనవలెనని మా యుద్దేశము. కోటలకు చరిత్రలున్నవి, కోవెలలకు శాసనములున్నవి. ఒంటిగది యింటికి శాసనము లేదు. దాని మట్టిగోడ నాలుగు వానాకాలములు పట్టించుకొనకున్న చాలును, మరల మట్టిలో కలిసిపోవును. మిగులునవి కొన్ని మాటలు, కొన్ని వస్తువులు, కొన్ని సామెతలు మాత్రమే. ఆ సామెతలలో నొకటి అందరెరిగినదే: ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం. ఇల్లు ఇరుకైనందుకు విసిగిన పురుషుడెవరో ఆ విసుగులో సగమును ఇల్లాలిపై త్రోసి ఈ మాట కట్టినాడు. ఆ యిరుకింట ఆ యిల్లాలు ఎక్కడ కూర్చుండెనో, ఎక్కడ పండుకొనెనో అతడు చెప్పలేదు. కనుక మేమీ ప్రసంగమున రెండు ప్రశ్నలు వేసికొందుము. చాలని యింట మనవారు చోటెట్లు పుట్టించిరి? ఆ పుట్టించిన చోటు ఎవరి వాటానుండి వచ్చినది?

ఇది గతించిన కథ యని యెవరును అనుకొనవలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున నూటికి 37 కుటుంబములు ఒక్క గదిలోనే కాపురము చేయుచుండెను. తమకంటూ ప్రత్యేకముగ ఒక గదియైనను లేని కుటుంబములు నూటికి మరి నాలుగు.

ముందుగా ఉట్టి సంగతి. నేడు కృష్ణాష్టమినాడు వీధిలో కొట్టు ఉట్టియే పిల్లలకు తెలియును. అది ఒకప్పుడు ప్రతి వంటయింటి దూలమునుండి నిత్యము వ్రేలాడిన సామాను. నారతోనో కొబ్బరిపీచుతోనో పేనిన త్రాళ్లను క్రింద చుట్టగా అల్లి, అందులో కుండమీద కుండగా మూడు నాలుగు పెట్టెడివారు. అడుగున పెద్దది, దానిపై చిన్నది, అన్నిటికంటె పైన మూత. నేలపై జానెడు చోటును ఆక్రమింపక పాలు, పెరుగు, వెన్న, మిగిలిన కూర అన్నియు అందు ఇమిడెడివి. చీమ ఎక్కవలెనన్న దూలమెక్కి త్రాడు దిగిరావలెను. గాలి నాలుగు వైపులనుండి తగులుటచే వస్తువు త్వరగా చెడదు. ఉట్టి కెక్కలేనమ్మ స్వర్గాని కెక్కునా యను సామెత పుట్టుటకు ఆ యెత్తే కారణము. దానిని అందుకొనుటకు ఇల్లాలు పీట వేసికొని మునివ్రేళ్లపై నిలువవలసి వచ్చెడిది.

ఉట్టికి అన్నగారు అటక. గోడకు గోడకు నడుమ దూలములపై పలకలో వెదురుగడలో పరచిన అటక, ఇంటి విస్తీర్ణమును పైసా ఖర్చు లేకుండ సగము పెంచును. పెండ్లి గంగాళములు, పాత యిత్తడి, ఏటికి సరిపడు గుమ్మడికాయలు, చింతపండు కుండలు, ఎవరికిని అక్కరలేకున్నను పారవేయుటకు మనసు రాని ఊయలబల్ల, అన్నియు అక్కడకే చేరెడివి. వంటయింటి పైనున్న అటకకు మరియొక గుణము కలదు. పొయ్యిపొగ రేయింబవళ్లు దానిని తాకుచుండుటచే విత్తనములకు పురుగు పట్టదు, కలపకు చెద పట్టదు. పొగ ఇల్లాలి కన్నులకు శత్రువు, విత్తనములకు మిత్రము. ఈ బేరములో నష్టపోయినదెవరో వేరుగ చెప్పనక్కరలేదు.

గోడను గూడ మనవారు ఊరక విడువలేదు. మట్టిగోడ రెండడుగుల మందముండెడిది. అంత మందము ఇంటి బరువు మోయుటకును ఎండ చొరకుండుటకును కావలెను. కాని అంత మందము ఇంటిలోని చోటును తినివేయును గదా! తినివేసినదానిని కొంత తిరిగి రాబట్టుకొను ఉపాయమే గూడు. గోడ కట్టునప్పుడే అక్కడక్కడ లోనికి త్రవ్వినట్లు ఖాళీ విడిచి, అందు దీపము, దేవుడు, కుంకుమభరిణె, ఉప్పుచిప్ప పెట్టుకొనిరి. గూటికి చెక్కతలుపులు బిగించి అరలు పెట్టినది అలమర. ఆ మాట పోర్చుగీసువారినుండి వచ్చినది. వస్తువు గోడలో గూడై మనకు ముందే యున్నది. తలుపులు మాత్రము సముద్రము దాటి వచ్చినవనవచ్చును.

నేలపైన చాలనివారికి నేలక్రింద చోటున్నది. జొన్న పండు నల్లరేగడి సీమలలో ధాన్యమును పాతరలలో దాచెడివారు. గొయ్యి త్రవ్వి, చుట్టును గడ్డి పేర్చి, గింజలు పోసి, మూతికి బండ పరచి మట్టితో మెత్తిన ఆ పాతర పెరటిలోనో, ఇంటిముంగిటనో, ఒక్కొక్కచోట వీధిలోనో ఉండెడిది. పైన బండ్లు నడచును, పిల్లలాడుకొందురు. క్రింద ఏడాది తిండి నిద్రించును. పాతరను తెరచినప్పుడు వెంటనే అందులోనికి దిగుట ప్రాణాపాయము. లోపల గింజ ఊపిరిచే గాలి చెడియుండును. అందుచే కొన్ని గడియలు దానిని అట్లే విడిచి, వెలిగించిన దీపమును త్రాటితో లోనికి దింపి చూచెడివారు. దీపమారినచో మనిషి దిగడు. రసాయనశాస్త్రము చదువనివారికి ఆ శాస్త్రము అక్కరకు వచ్చిన తీరిది.

ఇక ఇంటి ఆకారము. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణముల సముద్రతీరమున చుట్టిండ్లు కలవు. గుండ్రని గోడ, దానిపై శంఖువువలె లేచి నేలను తాకునంతగ వంగిన తాటాకు కప్పు. తుపాను గాలికి అది తల వంచి నిలుచునని అందరు చెప్పుదురు, అది నిజము. చోటు విషయమున దానికి వేరొక గుణము గలదు. పేదవానికి గోడ పెట్టుటయే ఖర్చు గదా, 40 అడుగుల పొడవు గోడకు సరిపడు మన్ను మాత్రమే ఒకని కడ నున్నదనుకొందము. దానిని చదరముగ పెట్టినచో ప్రక్కకు 10 అడుగులు. లోపలి చోటు 100 చదరపు టడుగులు. అదే గోడను గుండ్రముగ త్రిప్పినచో లోపల 127 చదరపు టడుగులు వచ్చును. మన్ను పెరుగలేదు, కూలి పెరుగలేదు, చోటు నాలుగవ వంతుకు పైగా పెరిగినది. అయితే గుండ్రని యింటిలో మంచము గోడ కానుకొనదు, పెట్టె మూలకు చేరదు, ఏలయన మూలయే లేదు. చాపలు, కుండలు ఆస్తిగా గలవానికి చుట్టిల్లు విశాలము. మంచములు, బీరువాలు వచ్చిన తరువాత అదే యిల్లు ఇరుకైనది. చూరు క్రింద గోడ చుట్టును మిగులు నీడలో వంట చేసికొనుట, ముసలివారు కూర్చుండుట, మేకపిల్లను కట్టుట జరిగెడివి.

రాయలసీమలోను తెలంగాణములోను వాన తక్కువ. అక్కడివారు కప్పును గూడ నేలగ చేసికొనిరి. దూలములపై వాసములు, వాసములపై కంపయు ఆకును పరచి, పైన చవుడు మన్ను మెత్తిన మిద్దె, ఎండకాలమున రాత్రి పడకటిల్లు, పగలు మిరపకాయల కల్లము. మిద్దెలో గవాక్షి విడిచి వెలుతురు దింపుకొనిరి. గోడకు కిటికీ పెట్టి చోటును వృథా చేయలేదు.

ఇంతవరకు చెప్పినవన్నియు కంటికి కనబడు ఉపాయములు. ఇరుకింటికి అసలైన ఆధారము కంటికి కనబడదు. అది గడియారము. ఒక్కటే నేల, తెల్లవారుజామున అది పేడతో అలికిన ముగ్గు పట్టు, కొంత ప్రొద్దెక్కిన పిదప కూరలు తరుగు చోటు, మధ్యాహ్నము విస్తళ్లు వేయు భోజనశాల, తరువాత ముసలమ్మ నడుము వాల్చు పడక, సాయంకాలము బియ్యములో మట్టిగడ్డలేరు కార్ఖానా, రాత్రి ఎనమండుగురికి పడకగది. ఈ మార్పులు నిరాటంకముగ జరుగవలెనన్న ఏ వస్తువును తన చోటిది అని పట్టుపట్టి కూర్చుండరాదు. అందుచే మన పాత సామానంతయు చుట్టదగినది, మడువదగినది, నిలువబెట్టదగినది. చాప చుట్టిన మూలకు చేరును. బొంత మడిచిన దండెము మీది కెక్కును. నులకమంచము లేవనెత్తిన గోడకు చేరగిలబడి నిలుచును. పీట గోడవార ఒదుగును. రోలును నేలలో పాతి, మీద మూతపలక వేసిన దానిపై నడచిపోవచ్చును.

గూట్లో దీపం నోట్లో ముద్ద యను వాడుక నీ దృష్టితో చూడవలెను. దీపము వెలిగించు వేళకే భోజనము ముగింపవలెనను నియమమును మనము ఆరోగ్యసూత్రమనియు, నూనె పొదుపనియు చెప్పికొందుము. అవి యున్నవి, వాటితోబాటు చోటు లెక్కయు నున్నదని మా నమ్మకము. భోజనము ముగిసి, ఎంగిలి ఎత్తి, నేల అలికి, అది ఆరినగాని చాపలు పడవు. ఒకడు ఆలస్యముగ తినుటకు వచ్చినచో ఎనమండుగురి నిద్ర ఆగును. ఇరుకింట ఆలస్యము ఒకని సొంత వ్యవహారము కానేరదు.

ఇంటిలో పట్టనివారు అరుగు మీదికి పోయిరి. అరుగు సగము ఇంటిది, సగము వీధిది. పగలు అక్కడ పంచాయతులు, పిల్లల బడి, బాటసారి విశ్రాంతి. రాత్రి ఇంటి మగవారి పడక. అరుగులేని యిల్లు గొడ్డుయిల్లని పెద్దలు చెప్పగా మేము వింటిమి. గాలి, వెన్నెల, ఇరుగుపొరుగు కబురు ఈ మూడును ఉచితముగ దొరకు ఆ పడకను గూర్చి మన కథకులు మురిసి వ్రాసిన పుటలు లెక్కకు మించినవి. ఆ పుటలన్నియు మగవారు వ్రాసినవి. వైశాఖమాసపు రాత్రి తలుపు వేసిన వంటయింట, పొయ్యి వేడి యింకను తగ్గని నేలపై, తిరుగలి ప్రక్కన పండుకొన్న కోడలు ఆ వెన్నెలను గూర్చి వ్రాయలేదు.

ఇక్కడ మన రెండవ ప్రశ్న ఎదురగుచున్నది. ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమనిరి. ఇరుకింటి వ్యవస్థ యంతయు ఆమె చేతిమీద నడచినది. చాపలు పరచినదామె, చుట్టినదామె, పూటకు రెండుమార్లు నేల అలికినదామె. ఆ నేలలో ఆమెకంటూ ఒక వాటా యున్నదా యన్న, వడ్డించుటకు నిలుచున్నంత చోటు ఉన్నది. మగవారు తిన్న తరువాత పిల్లలు, పిల్లలు తిన్న తరువాత అదే చోట, లేదా పొయ్యి యెదుట, ఆమె భోజనము. దీనికి ఆచారమను పేరు పెట్టితిమి గాని, సగము ఆచారము, సగము విస్తళ్లు పరచు చోటు లేకపోవుట. ఆచారమునకు చోటు చాలమి తోడైనప్పుడు రెండిటిలో ఏది కారణమో విడదీయుట కష్టము. పెద్ద మండువా లోగిళ్లలో చోటు పుష్కలముగ నున్నను వరుస అదే యుండెను గనుక, నిందనంతయు ఇరుకింటిపై మోపుట న్యాయము కాదు.

నెలలో ఆ మూడు దినములు మరియు విచిత్రము. ఎనిమిది కుండలకు, నాలుగు గుమ్మడికాయలకు, ఊయలబల్లకు చోటు వెదకగలిగిన ఇల్లు ఆమెకు చోటు లేదనెడిది. వాకిటి వసారా చివరనో, పశువుల కొట్టపు ప్రక్కనో ఒక చాప, ఒక చెంబు. వానపడిన రాత్రి ఆ చాప తడియకుండునట్లు ఎవరేమి యుపాయము చేసిరో ఏ గ్రంథమును చెప్పదు. చోటు పుట్టించు విద్యలో మనవారెంతటి ఘనులో చెప్పిన నోటితోనే ఈ మాట చెప్పకుండుట మాకు సాధ్యము కాదు.

ఇల్లే కార్ఖానా యైనచోట ఇరుకు ఇనుమడించును. నేతగాని యిల్లు చూడుడు. మన పల్లెలలో వాడుక గుంటమగ్గము. నేలలో మోకాలి లోతు గుంట తీసి, దాని అంచున నేతగాడు నేలమట్టమునకే కూర్చుండి, కాళ్లు గుంటలో దించి తొక్కుళ్లు తొక్కును. మగ్గమును నేలపై నిలుపు చట్రపు మగ్గముతో పోల్చిన ఇది తక్కువ ఎత్తున ఇమిడిపోవును. తక్కువ చూరు గల పాకలోను పట్టును. గుంటలోని చెమ్మ నూలును తెగకుండ కాపాడును. ఒక్క గుంటతో మూడు లాభములు. అయినను మగ్గము సగము గదిని పట్టును, ఆ సగము ఎన్నటికిని మడువబడదు, చుట్టబడదు. చాపవలె మూలకు చేరని వస్తువు ఆ యింట అదొక్కటే. దానికి చోటిచ్చిన పిదప మిగిలినది సంసారమునది. పసిపిల్ల ఉయ్యాల మగ్గము ప్రక్కనే వ్రేలాడెడిది. నాడె చప్పుడే దానికి జోలపాట. వానకాలమున గుంటలో నీరూరినచో పని నిలిచెడిది, పనితోబాటు పొయ్యియు నిలిచెడిది.

మగ్గమునకు చోటు దొరకినను పడుగునకు దొరకదు. పడుగు సాచి గంజి పట్టించుటకు ఏ యిల్లును చాలదు. అందుచే నేతవారు వీధినే గదిగ చేసికొనిరి. తెల్లవారుజామున ఎండ పొడుచుటకు ముందే, గాలి లేవకముందే, పడుగును కర్రలమీద వీధి పొడవున సాచి, ఆలుమగలు చెరియొకవైపున నడచుచు కుంచెతో గంజి పట్టించెడివారు. అంతవరకు బండ్లు ఆగవలసినదే. సాలెవీధికి పోయిన బండివాడు గొణుగుకొనుచు నిలుచుండెడివాడు గాని పడుగును దాటి పోయెడివాడు కాడు. చాలని యింటికి ఊరంతయు కొంత చోటు ఇచ్చుటకు ఇంతకంటె మంచి నిదర్శనము మాకు తోచలేదు.

ఆ సాలెవీధులనుండియే పెక్కు కుటుంబములు పడమటికి కదలినవి. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు షోలాపురము పోయి, ఆ నగరము యొక్క తూర్పు పేటలలో తెలుగు మాటాడు మరియొక ఊరినే నిర్మించిరి. మగవారు మగ్గములపై, మిల్లులలో, తరువాత మరమగ్గములపై పనిచేసిరి. స్త్రీలు బీడీలు చుట్టిరి. మగ్గమునకు సగము గది కావలెను. బీడీ పనికి ఒడి చాలును. ఒడిలో చేట, చేటలో తునికాకు, పొగాకు పొడి, దారపు కండె, ఆకు కత్తిరించుటకు కొలత రేకు, కత్తెర. గడప మీద కూర్చుండినను సాగును, ఉయ్యాల ఊపుచును సాగును. ఇంతకంటె ఇరుకైన కార్ఖానా ప్రపంచమున లేదేమో. చోటు తీసికొనని పనియని దానిని మెచ్చుకొనువారు ఆ పొగాకు ధూళి ఏ చోటున తేలునో గమనింపవలెను. అది వంట వండు చోటున, పిల్లలు పండుకొను చోటున తేలును.

మరికొందరు బొంబాయి పోయిరి. ఆ నగరమున కామాటిపురా యను పేట పేరు తెలుగునాటినుండి కూలికి వచ్చిన కామాటీల పేరుమీదుగా వచ్చినదే. 1854లో అక్కడ తొలి నూలుమిల్లు స్థాపితమైనది. తరువాతి దశాబ్దములలో మిల్లులు పెరిగినకొలది పనివాండ్రును పెరిగిరి, ఇండ్లు పెరుగలేదు. 1896లో మహమ్మారి వచ్చినది. ఇరుకిండ్లలో గాలి వెలుతురు లేకుండుట ఊరికెల్ల ముప్పని అప్పుడు ప్రభువులకు తోచినది. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడి చీకటి యిండ్లను పడగొట్టుటయందు చూపిన వేగమును క్రొత్తవి కట్టుటయందు చూపలేదు. ఇల్లు పోయినవారు ప్రక్క యింటిలో దూరిరి. ఇరుకు ఒక వీధినుండి మరియొక వీధికి మారినదేగాని తగ్గలేదు.

1920లో గవర్నరు జార్జి లాయిడు కాలమున బొంబాయి డెవలప్‌మెంటు శాఖ ఏర్పడినది. దాని మూడక్షరముల పేరే బీడీడీ. 50,000 గదులు కట్టుదుమని బయలుదేరిన ఆ శాఖ 207 చాళ్లు కట్టి చాలించుకొన్నది. అందులో 121 వర్లీలోనే. చాలు నకు నాలుగంతస్తులు, అంతస్తునకు 20 గదులు, నడుమ పొడవైన నడవ, అంతస్తుకు ఉమ్మడి దొడ్లు. గది ఒక్కొక్కటి 160 చదరపు టడుగులు. మన 40 అడుగుల చుట్టింటికంటె ఇది 33 చదరపు టడుగులు పెద్దదే. కాని చుట్టింటికి చూరునీడ యున్నది, పెరడున్నది, ఊరున్నది. మొదట ఆ కాంక్రీటు గదులలో చేరుటకు పనివాండ్రు వెనుకాడిరి. అద్దె అధికము, వెలుతురు తక్కువ. చాల గదులు ఖాళీగ పడియుండెను. 1930 ప్రాంతమున సత్యాగ్రహులను నిర్బంధించుటకు ప్రభుత్వము వర్లీ చాళ్లనే చెరసాలగా వాడుకొన్నది. కాపురములకు కట్టిన గదులు చెరసాలకు పనికివచ్చుట ఆ గదుల తీరును చెప్పకయే చెప్పుచున్నది.

కాలక్రమమున అవియు నిండినవి. తెలుగు నేతపనివారు వర్లీ పరిసరములలో పెద్దసంఖ్యలో స్థిరపడిరి. ఖోలీలో మూలను మోరీ, అది స్నానమునకు, అంట్లకు, బట్టలకు. దాని ప్రక్కన వంట. తలపైన చెక్కతో కట్టిన మాళా. తెలుగువారు దానిని చూడగనే అటకయని గుర్తించియుందురు. అయితే వారి యూరిలో అటకమీద గుమ్మడికాయలుండెడివి. ఇక్కడ మనుష్యులు పండుకొనిరి. మిల్లులలో మూడు షిఫ్టులు నడచిన కాలమున, ఒక్క గదిలో అనేకులైన మగవారు పాళ్లువేసికొని బ్రతికిరి. ఒకడు పనికి లేచిపోయిన పడకపై పని ముగించి వచ్చిన మరియొకడు ఒరిగెడివాడు. పడక చల్లారెడిది కాదు. పల్లెలో చాప చుట్టు వేళను సూర్యుడు నిర్ణయించెను. ఇక్కడ మిల్లు కూత నిర్ణయించినది.

ఆ 160 అడుగులలో అంతమంది ఎట్లు పట్టిరని ఆశ్చర్యపడువారు ఒక్క సంగతి మరచుచున్నారు. తొలితరమున చాలమంది ఆలుబిడ్డలను ఊరనే విడిచి వచ్చిరి. పురుడు ఊరిలో, ముసలితల్లి దగ్గు ఊరిలో, జబ్బు ముదిరినచో ఊరికే ప్రయాణము, ఉద్యోగము పోయినను ఊరికే. బొంబాయిలోని ఖోలీ ఒక పూర్తి యిల్లు కాదు. ఒక యింటి యొక్క ఒక కొన. రెండవ కొన కరీంనగరు జిల్లాలోని యే సాలెవీధిలోనో యుండెను. నగరము మగవాని నిద్రకు మాత్రమే చోటిచ్చి, మిగిలిన సంసారమునకు కావలసిన చోటును ఒక పేద పల్లె నెత్తిన పెట్టినది. ఆ పల్లెలో మగ్గము, పసిబిడ్డ, అత్తమామలు, నెలకొకసారి వచ్చు మనియార్డరు, వీటి నడుమ నొక్క స్త్రీ ఆ రెండవ కొనను మోసినది. బొంబాయి గృహనిర్మాణ చరిత్రలో ఆమెకు గూడ ఒక పుట యుండవలెనని మా మనవి.

తరువాత స్త్రీలును వచ్చిరి, ఖోలీలలోనే పిల్లలు పుట్టిరి, ఆ పిల్లలు నడవలో చదివి పరీక్షలు వ్రాసిరి. నడవ వారికి అరుగైనది. వేసవి రాత్రులలో మగవారు నడవలోను, డాబాపైనను, వీధి ప్రక్కను పండుకొనిరి. స్త్రీలు గదిలోనే. వర్లీ వంటి పెద్దనగరపు కాంక్రీటు భవనములోను ఆ పాత పంపకము అట్లే నిలిచినది. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె రెండున్నర లక్షల పనివాండ్రను నెలల తరబడి ఇండ్లలో కూర్చుండబెట్టినది. షిఫ్టులవారీగ పంచుకొన్న గదిలో అందరును ఒక్కసారి ఉండవలసివచ్చుట ఎట్టిదో ఊహించుకొనవచ్చును. చాలమందికి మిల్లు మరల తెరువలేదు. కొందరు భివండి మరమగ్గములకు పోయిరి, కొందరు ఆ రెండవ కొనకే తిరిగి చేరిరి.

ఇప్పుడు వర్లీలో ఆ చాళ్లను పడగొట్టి ఎత్తైన మేడలు లేపుచున్నారు. 160 అడుగుల గదికి బదులుగ 500 చదరపు టడుగుల యిల్లు. 2025 ఆగస్టులో తొలి విడతగా 556 కుటుంబములకు తాళపుచెవులు అందినవి. ఇంటిలోనే స్నానపుగది, ప్రత్యేకముగ వంటయిల్లు, తలుపు వేసికొనదగిన పడకగదులు రెండు, ముందొక హాలు. చాప పరచు వేళ వచ్చినప్పుడు ఆ రెండు తలుపుల వెనుక ఎవరుందురో, హాలులో ఎవరుందురో ఇంకను చూడవలసియున్నది.